నలుగురూ రాలేని రోజుల్లో

"నలుగురూ ఏమనుకుంటారు" అన్నప్పుడు నలుగురంటే లోకం. "మోయడానికి నలుగురు" అన్నప్పుడు నలుగురంటే పాడె పట్టేవాళ్ళు. ఒకే మాటకు ఈ రెండర్థాలూ ఊరికే రాలేదు. మన ఊళ్ళలో చావు ఒక్క ఇంటికి సంబంధించింది కాదు. కబురు తెలియగానే ఒకరు కట్టెలకి, ఒకరు పురోహితుడి కోసం, ఒకరు దూరపు బంధువులకి ఫోన్లు చేయడానికి లేస్తారు. ఎవరూ పురమాయించక్కర్లేదు.

నేనుండే ఇంగ్లండులో ఈ పనులన్నీ ఆఫీసులవి. అయితే ఆ ఆఫీసుల మధ్య తిరగాల్సింది మాత్రం ఇంటివాళ్ళే. 2020కి ముందు పద్ధతి ఇదీ: డాక్టరిచ్చిన కాగితం తీసుకుని అయిదు రోజుల్లోపు రిజిస్ట్రార్ దగ్గరికి స్వయంగా వెళ్ళాలి. అక్కడిచ్చే పచ్చ కాగితం ఫ్యూనరల్ డైరెక్టర్‌కి చేర్చాలి. దహనమైతే మామూలుగా ఇద్దరు డాక్టర్లు రెండు వేరు వేరు ఫారాలు నింపాలి, ఒక్కోదానికీ 82 పౌండ్లు. ఏడవడానికి తీరిక దొరికేది ఆ తిరుగుడు అయ్యాకే.

2020 మార్చిలో ఆ తిరిగే మనిషికి కాళ్ళు కట్టేసినట్టయింది. ఇంట్లో ఒకరు కోవిడ్‌తో పోతే మిగిలినవాళ్ళు గడప దాటకూడదు. మార్చి 25న వచ్చిన కరోనావైరస్ చట్టంతో డాక్టరు కాగితం నేరుగా రిజిస్ట్రార్‌కి ఈమెయిల్లో వెళ్ళడం మొదలైంది. మరణాన్ని ఫోనులో నమోదు చేయించవచ్చు. కుటుంబం తరఫున ఫ్యూనరల్ డైరెక్టరే నమోదు చేయించవచ్చు. రెండో డాక్టరు ఫారం పక్కన పెట్టేశారు. అప్పటిదాకా ఇంటివాళ్ళ ద్వారా తప్ప మాట్లాడుకోని ఆఫీసులు మొదటిసారి ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి.

ఆ చట్టం ముసాయిదాలో ఒక ముల్లు ఉండేది. చనిపోయినవారి ఇష్టానికి విరుద్ధంగా దహనం చేయకూడదని 1984 నాటి చట్టం చెబుతుంది. అత్యవసరమైతే దాన్ని పక్కన పెట్టే వీలు కొత్త బిల్లులో ఉంది. ఖననం తప్పనిసరిగా భావించే ముస్లింలూ యూదులూ కలిసి ఆందోళన చెందారు. బ్రాడ్‌ఫర్డ్ ఎంపీ నాజ్ షా పట్టుబట్టాక, చనిపోయినవారి ఇష్టాన్నీ మతాన్నీ స్థానిక సంస్థలు గమనంలో ఉంచుకోవాలన్న మాట చేరింది. ఆ చేర్పు మనకీ వర్తించింది.

క్రిమటోరియంల సంఘాలూ, ఫ్యూనరల్ డైరెక్టర్ల సంఘాలూ, శవపేటికలు చేసేవాళ్ళ సంఘమూ కలిసి ఒకే సలహా బృందంగా ఏర్పడ్డాయి. బర్మింగ్‌హామ్‌లో ఒక మసీదు తన కార్ల పార్కింగును తాత్కాలిక శవాగారంగా మార్చింది.

ఇంత జరిగినా మనకి దక్కనిది ఒకటుంది. దింపుడు కళ్ళెం. దారిలో పాడె దింపి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం. ఆ ఏప్రిల్‌లో నాకు తెలిసిన ఒక పెద్దాయన అంత్యక్రియలు లాప్‌టాప్‌లో చూశాను. హాల్లో ఏడుగురు, కుర్చీకీ కుర్చీకీ మధ్య రెండు మీటర్లు. గుంటూరులో ఆయన చెల్లెలు అదే తెరలో చూస్తోంది. విమానాల్లేవు. అస్థికలు నెలల తరబడి ఇంట్లోనే, బట్టల అలమరా పైన ఉండిపోయాయి.

దుఃఖం సంగతి చూసే సంస్థల్లో పెద్దది క్రూజ్. 1959లో భర్తలను పోగొట్టుకున్న స్త్రీల కోసం మార్గరెట్ టోరీ మొదలుపెట్టారు. ఎదురెదురుగా కూర్చుని వినడం దాని పద్ధతుల్లో ఒకటి. ఆ వినడం ఫోన్లలోకి మారింది. ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ వాళ్ళ కోసం హాస్పిస్ యూకేతో కలిసి తగలాగ్ భాషలోనే ఒక హెల్ప్‌లైన్ పెట్టారు. అది నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. ఆఫీసు పని ఇంగ్లీషులో ఎంతైనా చేయగలం. "మా అమ్మ పోయింది" అని ఇంగ్లీషులో చెబితే అది సమాచారంలా ఉంటుంది.

తర్వాత ఏం మిగిలింది? రెండో డాక్టరు ఫారం మళ్ళీ రాలేదు, 2022లో శాశ్వతంగా రద్దయింది. ఫోనులో నమోదు మాత్రం 2022 మార్చి 24తో ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ మనమే వెళ్ళాలి. ఆఫీసులు తమకి భారమైనదాన్ని వదిలించుకున్నాయి, ఇంటివాళ్ళకి సులువైనదాన్ని వెనక్కి తీసుకున్నాయి. అదే సంవత్సరం అక్టోబరులో బ్రిటన్ బిరీవ్‌మెంట్ కమిషన్ నివేదిక వచ్చింది. దాని సారాంశం, ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళ బాగోగులు అందరి బాధ్యత అని. మన "నలుగురు" అన్న మాటలో ఉన్నదే అది.

మా ఊళ్ళో తెలుగువాళ్ళం ఇప్పుడు ఒక కాగితం రాసి పెట్టుకున్నాం: రిజిస్ట్రార్ అపాయింట్‌మెంట్‌కి తోడు ఎవరు వెళతారు, కారు ఎవరిది, మంత్రం ఎవరికి వచ్చు, పదో రోజు దాకా వంట ఎవరింటి నుంచి. చివర్లో ఇంకో వరుస ఉంది: రాత్రిపూట ఫోన్ చేస్తే తెలుగులో వినేది ఎవరు. అక్కడ ప్రస్తుతానికి మూడు పేర్లున్నాయి. నాలుగోది కావాలి.