నికోసియా: గీత కింద కలిసిన కాలువలు

1963 డిసెంబరు చివరి రోజులు. సైప్రస్ రాజధాని నికోసియాలో గ్రీకు, తుర్కు వాడల మధ్య కాల్పులు ఆగడం లేదు. బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ నగర పటం మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో అడ్డంగా ఒక గీత గీశాడు. రక్తపాతం ఆపడానికి తాత్కాలికంగా చేసిన ఏర్పాటది. ‘గ్రీన్ లైన్’ అనే ఆ గీత అరవై ఏళ్లు దాటినా చెరగలేదు.

నిజానికి మనుషుల్ని విడదీయడం అంతకుముందే మొదలైంది. ద్వీప జనాభాలో దాదాపు 80 శాతం గ్రీకులు, 18 శాతం తుర్కులు. ఎన్నో ఊళ్లలో రెండు జాతులూ పక్కపక్కనే బతికాయి. 1950లలో గ్రీసులో విలీనం కోరుతూ గ్రీకులు ఆయుధాలు పట్టారు. వారిని అణచడానికి బ్రిటిష్ వలస పాలకులు తుర్కులను సహాయక పోలీసులుగా చేర్చుకున్నారు. పాలకుల మీది పోరు ఇరుగుపొరుగు పగగా మారింది. 1960లో స్వాతంత్ర్యంతో వచ్చిన రాజ్యాంగం ఆ చీలికకు చట్టరూపం ఇచ్చింది. అధ్యక్షుడు గ్రీకు, ఉపాధ్యక్షుడు తుర్కు. ఉద్యోగాలు 70:30. ఓటర్ల జాబితాలు వేరు, ఐదు పట్టణాల్లో మునిసిపాలిటీలూ వేరు. 1909 నుంచి ప్రత్యేక నియోజకవర్గాల ఫలితం చవిచూసిన మనకు ఈ పద్ధతి తెలియనిది కాదు. అక్కడది నాలుగేళ్లయినా నిలవలేదు.

1964లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన దిగింది. దానికి నాయకత్వం వహిస్తూనే 1965లో మన జనరల్ తిమ్మయ్య అక్కడ కన్నుమూశారు. 1974 జులైలో గ్రీసు సైనిక పాలకుల అండతో ప్రభుత్వాన్ని కూలదోసే కుట్ర జరిగింది. ఐదు రోజులకే తుర్కియే సేనలు దిగాయి. నగరంలోని గీత ద్వీపమంతటా 180 కిలోమీటర్ల మేర సాగింది. గ్రీకులు దక్షిణానికి, తుర్కులు ఉత్తరానికి ఇళ్లు వదిలి పోయారు. 1963 నుంచి జరిగిన ఘర్షణల్లో రెండు వైపులా కలిపి రెండు వేల మంది ఆచూకీ లేకుండా పోయారు.

అయినా మురుగునీటికి సరిహద్దు లేదు. అసంపూర్తిగా ఆగిన భూగర్భ డ్రైనేజీ ఏ ఒక్క వైపు వల్లా పూర్తయ్యేది కాదు. దక్షిణ మేయర్ లెల్లోస్ దిమిత్రియాదిస్, ఉత్తర మేయర్ ముస్తఫా అకింజి 1978లో ఒప్పందానికి వచ్చారు. రెండు వైపుల మురుగూ ఉత్తరాన ఒకే శుద్ధి కేంద్రానికి చేరింది. నగరానికంతటికీ కలిపి ఉమ్మడి ప్రణాళిక తయారైంది.

2003లో రాకపోకలకు దారులు తెరిచారు. మరుసటి ఏడాది జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పునరేకీకరణకు తుర్కులు 65 శాతం ఔనన్నారు, గ్రీకులు 76 శాతం కాదన్నారు. విడివిడిగా ఓటు వేయడం, విడివిడిగా భయపడడం నేర్పిన వ్యవస్థ నుంచి ఒక్క పోలింగ్‌తో ఐక్యత పుట్టదు. ఇద్దరు మేయర్లు ఎంచుకున్న దారి నిదానమైనదే, కానీ సరైనది. తాగునీరు, రోడ్లు, బడి, కనపడకుండా పోయినవారి కోసం వెతుకులాట: ఇలా కలిసి చేయక తప్పని పనులు పెరిగితేనే అవతలివాడు మళ్లీ పొరుగువాడవుతాడు.