నిజామాబాదు జిల్లాలో వయోవృద్ధుల పోషణ

నిజామాబాదు జిల్లాలో ఆదరణ కరువైన వృద్ధులకు ప్రధానమైన ఆధారాలు రెండు: తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007), రాష్ట్ర ప్రభుత్వ పింఛను.

పోషణ ట్రిబ్యునలు

ట్రిబ్యునలుకు రెవెన్యూ డివిజను అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షత వహిస్తారు. జిల్లాలో నిజామాబాదు, బోధన్, ఆర్మూరు రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. సొంత సంపాదనతో, ఆస్తితో బ్రతకలేని తల్లిదండ్రులు సంతానంపై దరఖాస్తు చేసుకోవచ్చు. సంతానం లేని వృద్ధులు తమ ఆస్తికి వారసులయ్యే బంధువులను పోషణ కోరవచ్చు. మంచాన పడినవారి తరపున వారు అధికారమిచ్చిన వ్యక్తి గానీ, సంస్థ గానీ దరఖాస్తు చేయవచ్చు. నోటీసు అందిన 90 రోజులలో దరఖాస్తును పరిష్కరించాలి. అవసరమైతే మరో 30 రోజులు పొడిగించవచ్చు. చట్టంలో నెలసరి భత్యానికి గరిష్ఠ పరిమితి 10,000 రూపాయలు.

ఆస్తి బదిలీ

తమను చూసుకోవాలనే షరతుతో పొలమో, ఇల్లో రాసిచ్చిన వృద్ధులను నిర్లక్ష్యం చేస్తే ఆ దానపత్రం చెల్లదని ప్రకటించే అధికారం 23వ సెక్షను కింద ట్రిబ్యునలుకు ఉంది. షరతు లేని దానపత్రానికి ఈ సెక్షను వర్తించదని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పింది. అందువలన పత్రం రాసే సమయంలోనే ఆ షరతును చేర్చడం ముఖ్యం.

పింఛను

ఆసరా పథకం 2014 నవంబరులో మొదలైంది. వృద్ధులు, వితంతువులు, వికలాంగులతో పాటు బీడీ కార్మికులకు కూడా దీనిని వర్తింపజేశారు. బీడీలు చుట్టడం ఈ జిల్లా మహిళల ముఖ్య జీవనోపాధులలో ఒకటి. వృద్ధాప్య పింఛను 2019లో 1,000 నుండి 2,016 రూపాయలకు పెరిగింది.