తిరుత్తణి, తిరువళ్ళూరు: రైలుదారి చరిత్ర

1856 జూలైలో దక్షిణదేశపు తొలి రైలు రాయపురము నుండి తిరువళ్ళూరు మీదుగా వాలాజా రోడ్డుకు నడచినది. నాటినుండి ఈ సీమ ప్రజల రాకపోకలు చెన్నపట్నము వైపే సాగినవి.

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా, పటాస్కర్ నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రమున చేరినది. సత్యవేడు ప్రాంతము ఆంధ్రమునకు వచ్చినది. మరుసటి యేడే తిరువళ్ళూరుకు తూర్పున, అదే రైలుదారిలో, ఆవడియందు భారీవాహనముల కర్మాగారము వెలసినది. 1965లో తొలి విజయంత ట్యాంకు, పిమ్మట రష్యా నమూనాల అజేయ, భీష్మ ట్యాంకులు అచ్చట తయారైనవి.

సైబీరియాలోని ఓమ్స్క్ నగర చరిత్రయు ఇట్టిదే. 1894లో రైలు వచ్చినది, రెండవ ప్రపంచయుద్ధమున కర్మాగారములు తరలివచ్చినవి, ఊరు మహానగరమైనది.

రైలు మనకు కొలువు నిచ్చినది, కాని తెలుగు బడి నీయలేదు. 2006 నాటి చట్టముతో తమిళనాట పదవ తరగతి వరకు తమిళము నేర్చుట విధియైనది. సంతోషముగా నేర్తము, అది అన్నము పెట్టెడి భాష. బడిలో తల్లిభాషకు చోటు తగ్గిన కొలదిని ఇంటను, సంఘమునందును చోటు పెంచవలెను. ఈ ఉగాదినాడైనను ప్రతి తెలుగింట బిడ్డలచే అక్షరములు దిద్దింతురు గాక!