తట్టు గదిలోకి ఎవరు వెళ్లాలి?

పిల్లకు తట్టు పోసిందంటే షాద్‌నగర్ చుట్టుపక్కల పాలమూరు పల్లెల్లో గుమ్మానికి వేపమండలు కట్టేవారు. పొయ్యి మీద తాలింపు ఆగేది, మాంసం ఊసుండేది కాదు, బయటివాళ్లను గడప తొక్కనిచ్చేవారు కాదు. దద్దుర్లు తగ్గాక వేపాకు, పసుపు నీళ్లతో స్నానం, పోచమ్మకు నైవేద్యం. ఆ రోజుల్లో పిల్లను కనిపెట్టుకుని ఉండే పెద్దమ్మకూ నాయనమ్మకూ ఏమీ అయ్యేది కాదు. తట్టు పోయకుండా పెద్దయినవాళ్లు ఆనాడు అరుదు మరి!

ఒకసారి వస్తే మళ్లీ రాదన్న సంగతిని లెక్కకట్టి చూపినవాడు పీటర్ పానుమ్ అనే డెన్మార్క్ వైద్యుడు. 1846లో ఫారో దీవుల్లో తట్టు చెలరేగి, 7,782 మంది జనంలో సుమారు 6,000 మందిని పట్టుకుంది. 1781లో అక్కడే తట్టు పడి బతికిన ముసలివాళ్లు మాత్రం ఒక్కరూ మంచం పట్టలేదు.

దవాఖానల్లోనూ అదే రక్షణ. హైదరాబాద్ నల్లకుంటలోని కోరంటి దవాఖానలో గానీ, ఊళ్లోని సర్కారు దవాఖానలో గానీ పనిచేసిన పాతతరం నర్సులు, ఆయాలు చాలామంది చిన్నతనంలోనే తట్టు దాటి వచ్చినవాళ్లు. ఆ బలం వాళ్లకు జబ్బే ఇచ్చింది.

తర్వాత టీకా వచ్చింది. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలై, 1990 నాటికి దేశంలోని జిల్లాలన్నిటికీ చేరింది. తొమ్మిది నెలల పిల్లలకు ఒక్క డోసు. ఆ వయసులో వేస్తే నూటికి దాదాపు 85 మందికే రక్షణ నిలుస్తుంది. రెండో డోసు 2010లో గానీ మొదలు కాలేదు. 2017 ఆగస్టులో తెలంగాణలో జరిగిన మీజిల్స్ (తట్టు)-రూబెల్లా టీకా కార్యక్రమం పదిహేనేళ్ల లోపువాళ్లకే.

ఈ ఏళ్లు కలిపి చూస్తే మధ్యలో ఒక తరం తేలుతుంది. 1980ల చివరి నుంచి 2002 దాకా పుట్టినవాళ్లు. తట్టు పడనివాళ్లు, ప్రైవేటులో ఎం.ఎం.ఆర్. టీకా వేయించుకోనివాళ్లు వీరిలో ఉంటే, వాళ్లకున్నది మహా అయితే ఆ ఒక్క డోసే. నేడు స్టాఫ్‌నర్సులుగా, ల్యాబ్ టెక్నీషియన్లుగా, హౌస్‌సర్జన్లుగా వార్డుల్లో తిరుగుతున్నది ఎక్కువగా ఈ వయసువాళ్లే.

తట్టు దద్దుర్లకు నాలుగు రోజుల ముందే అంటుకుంటుంది. జ్వరం, జలుబని ఓపీ వరుసలో తల్లి ఒళ్లో ఉన్న పిల్లను చూసి అది తట్టని పోల్చడం కష్టం. పిల్ల వెళ్లిపోయాక కూడా వైరస్ ఆ గదిలో రెండు గంటల దాకా ఉండగలదు. అమెరికాలో రోగనిరోధకతకు ఆధారం లేని ఆసుపత్రి సిబ్బందికి కనీసం 28 రోజుల ఎడంతో రెండు డోసులు వేయమంటారు. గర్భిణులకు ఈ టీకా పనికిరాదు. కాబట్టి నర్సమ్మల టీకా కార్డు అడగాల్సింది వార్డులో కేసు బయటపడ్డాక కాదు, వాళ్లు కొలువులో చేరిన రోజునే.