దస్తారు చిహ్నము క్రింద ఒక యువకుడు

బాలాపూర్‌లో సందెవేళ మేడమీద నిలిచి నైరుతిదిక్కునకు చూచినచో, శంషాబాదున దిగు విమానముల దీపములు ఒకదాని వెంట నొకటి కానవచ్చును. వానిని చూచునప్పుడెల్ల, పుట్టుకచేతగాని పెంపకముచేతగాని ఈ గడ్డతో సంబంధము లేకున్నను హైదరాబాదు పేరుగల దళమున చేరి, ఇరువదిరెండేండ్లకే నేలకొరిగిన డగ్లస్ షెప్లీ నాకు జ్ఞప్తికి వచ్చుచుండును.

బ్రిటిష్ రాజ వైమానికదళమందలి 152వ స్క్వాడ్రన్‌కు నిజాము విరాళమునకు కృతజ్ఞతగా 'హైదరాబాదు' అను పేరు వచ్చినది. నిజాము ధరించు దస్తారు అను తలపాగాయే దాని చిహ్నము. 'విశ్వాసపాత్రుడగు మిత్రుడు' అను దాని ధ్యేయవాక్యము, ఆంగ్లప్రభుత్వము నిజామున కొసగిన 'యారె వఫాదార్' బిరుదమునకు ప్రతిధ్వని. ప్రభువుల ధనమునకు మూలము రైతు శిస్తేగదా! కావున ఆ కీర్తిలో తెలంగాణపు దుక్కికిని పాలు కలదని నేను నమ్ముదును.

1940 వేసవిలో ఆ స్క్వాడ్రన్ డార్సెట్ సీమయందలి వార్మ్‌వెల్‌లో విడిసియుండెను. ఆగస్టు 12వ తేదీన జర్మనుల యుంకర్స్ బాంబరులు పోర్ట్స్‌మత్ రేవుమీదను, వైట్ ద్వీపమున వెంట్నర్ రాడారు కేంద్రముమీదను విరుచుకొని పడగా, వానిని మార్కొనుటకు లేచిన స్పిట్‌ఫైర్లలో రెండు మరలి రాలేదు. ఒకటి ఆస్ట్రేలియావాడగు లేథమ్ విథాల్‌ది; రెండవది, కె9999 సంఖ్యగలది, షెప్లీది.

అదే యేట అతని సోదరుడు రెక్స్ డంకర్క్ ప్రాంతమున విమానముతో కూలియుండెను. కడుపుకోతమీద కడుపుకోత పడిన ఆ తల్లి ఎమిలీ, ఏడ్చుచు కూర్చుండక, వైధవ్యము పొందిన కోడలిని వెంటబెట్టుకొని ఊరూర చందాలు పోగుచేసి, పదునైదు వారములలో 5,700 పౌండ్లు కూర్చి మరియొక స్పిట్‌ఫైరును కొనిపెట్టెను. దానికి 'షెప్లీ' అనియే పేరు. ఆ తల్లి గుండెదిటవును తలచునప్పుడు నా కన్నులు చెమర్చును. 1942 మార్చి 28న ఆ విమానమును నడపుచునే విక్టర్ బీమిష్ అను ప్రఖ్యాత సేనాని సముద్రముపాలయ్యెను. షెఫీల్డు చెంత టోట్లీలోని యొక పానశాల నేటికిని 'షెప్లీ స్పిట్‌ఫైర్' అను పేరుతో నున్నది.

1943 చివర హైదరాబాదు స్క్వాడ్రన్ భారతదేశమునకే తరలివచ్చి, మరుసటియేట ఇంఫాల్ గగనమున జపానీయులతో పోరెను. షెప్లీ మాత్రము వైట్ ద్వీపమునకు దక్షిణముగా, సముద్రపు నీటియందే యుండిపోయెను.