దారముతో చాచిన జుట్టు

ఉగాది ఉదయమున తలంటి పోసికొనుట మన ఆచారము. ఊరు విడిచి ఎన్ని తరములైనను, ఇంటి మాటలలో ఇరుగుపొరుగు భాష ఎంత కలిసినను, మన కుటుంబములు దీనిని విడువలేదు. తలంటిన జుట్టును ఎట్లు ఆరబెట్టవలెనో, ఎట్లు అల్లవలెనో బిడ్డలు తల్లిని చూచి నేర్చుకొందురు. ఇది ఏపాటి విద్యయని తీసివేయరాదు. సర్వమును పోగొట్టుకొని సముద్రము దాటిన ఒక జనము వెంట మిగిలినవి బహు స్వల్పము. వానిలో జుట్టు దిద్దుకొనే విద్య యొకటి. దాని చరిత్రను ఈ పండుగ సంచికలో మనవి చేయ తలచితిమి.

ఆఫ్రికాఖండపు పశ్చిమమున నైజీరియా దేశము కలదు. అచ్చటి యొరూబా జాతివారి జుట్టు సన్నని చుట్టలుగా పెరుగును. చుట్టుకొని యుండుటచేత మూరెడు జుట్టు జానెడుగా కనబడును. దీనిని చాచుటకు ఆ స్త్రీలు నిప్పు నాశ్రయించలేదు. జుట్టును పాయలుగా తీసి, ఒక్కొక్క పాయకు మొదలు నుండి కొస వరకు నల్లదారము చుట్టెడివారు. దీనిని వారి భాషలో ‘ఇరున్ కికో’ అందురు. దారము లేక అల్లుటను ‘ఇరున్ దిది’ అందురు. దారము చుట్టిన పాయ తీగవలె నిలుచును గనుక, వానిని వంచి, కలిపి, గోపురములవలె తీర్చుకొనెడివారు. 1960లో ఆ దేశము స్వతంత్రమైన పిదప, ఓజెయికెరె అను ఫోటోగ్రాఫరు 1968 మొదలుకొని ఇట్టి కేశాలంకారములను సుమారు వేయి ఫోటోలలో భద్రపరచెను.

ఇందులోని కిటుకు చెప్పెదము. వెంట్రుక కెరటిన్ అను పదార్థముతో ఏర్పడినది. నీరు తగిలినపుడు అందలి హైడ్రోజన్ బంధములు విడును. ఆరునపుడు మరల కలియును. కావున తడి వెంట్రుకను ఏ రూపున నిలిపితిమో, ఆరిన పిదప అది ఆ రూపుననే యుండును. వానగాలి సోకినచో చుట్టలు తిరిగి వచ్చును. దారము వెంట్రుక స్వభావమును కొన్నాళ్లు సాగదీయునేగాని చెరుపదు. మితిమీరిన వేడి తగిలినచో కెరటినే చెడును. అంతట చుట్ట మరల రాదు, వెంట్రుక పెళుసై తెగిపోవును.

ఈ విద్యతోనే ఆఫ్రికావారు బానిస ఓడలలో అమెరికా చేరిరి. అచ్చటి తోటలలో వారికి దువ్వెనలు కూడ కరువే. గొర్రె ఉన్ని ఏకెడి దువ్వెనతో తల దువ్వుకొని, దారమో గుడ్డపేలికలో చుట్టి, వారమంతయు పనిచేసి, ఆదివారమునాడు విప్పి ముస్తాబయ్యెడివారు. 1936-38 నడుమ అమెరికా ప్రభుత్వము వృద్ధులైన మాజీ బానిసల నోట విని వ్రాయించిన వృత్తాంతములలో ఈ సంగతులు కలవు. 1786లో లూసియానాను ఏలుచున్న స్పెయిన్ గవర్నరు మీరో, బానిసత్వము లేని నల్లజాతి స్త్రీలు సైతము జుట్టు అలంకరించుకొనక తలకు గుడ్డ కట్టుకొనవలెనని ఉత్తరువు చేసెను. వారు ఆ గుడ్డనే రంగురంగులుగా చుట్టి, దానినే ఒక సొగసు చేసికొనిరి.

1865లో బానిసత్వము రద్దయ్యెను గాని, తెల్లవారి జుట్టువలె నిటారుగా నుండిననే గౌరవమను భావము పోలేదు. కాల్చిన ఇనుప దువ్వెనలు వచ్చినవి. బానిసలుగా నుండిన తలిదండ్రులకు 1867లో పుట్టిన మేడమ్ వాకర్, జుట్టు తైలములతోను ఆ దువ్వెనతోను గొప్ప వ్యాపారము నడిపి, వేలమంది స్త్రీలకు జీవనోపాధి చూపెను. ఆమెను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. ఆనాటి లోకరీతి అట్టిది. తరువాత సోడియం హైడ్రాక్సైడు వంటి ఘాటైన మందులు కూడ వచ్చినవి. 2022లో అమెరికాలో 33,497 మంది స్త్రీలను గూర్చి ప్రకటించిన పరిశోధనలో, జుట్టు సాపుచేసెడి మందులను తరచు వాడినవారిలో గర్భాశయపు క్యాన్సరు హెచ్చుగా కనబడెను. పుట్టు జుట్టును బట్టి ఉద్యోగములలోను బడులలోను చిన్నచూపు చూడరాదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము మొదటగా శాసనము చేసెను. ఈలోగా దారపు విద్యయు మరల తల యెత్తినది.

ఈ కథలో మన పాత్రయు కొంత కలదు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించెడి తలనీలాలు వేలమున అమ్ముడై, విగ్గులుగాను సవరములుగాను పరదేశములకు పోవుచున్నవి. నల్లజాతి స్త్రీలు పలువురు మన దేశపు జుట్టును కోరి ధరింతురు. ఇక మన యిండ్లలోనో, రింగుల జుట్టుతో పుట్టిన ఆడపిల్ల బడిలో హేళన పడలేక తలకు ఇస్త్రీ చేయించుకొనుచున్నది! ఎవరి జుట్టు వారికి చేదైనది.

అట్టి బిడ్డలున్న తల్లులకు ఒక్క మనవి. తలంటిన పిదప తడి ఒత్తి, కొంచెము నూనె రాసి, ఎడమైన పండ్ల దువ్వెనతో కొసల నుండి చిక్కు తీసి, పాయలుగా అల్లియో మెత్తని దారము చుట్టియో, పూర్తిగా ఆరువరకు ఉంచుడు. విప్పినచో జుట్టు సాగి, సొగసుగా నుండును. కుదుళ్లు లాగునట్లు బిగింపరాదు. నుదుటి యొద్ద జుట్టు ఊడిపోవును.

అన్నింటికంటె ముందు, ఆ జుట్టు బాగులేదన్న మాట ఇంటిలో ఎవరి నోటను రానీయకుడు. నలుగురిలో వేరుగా కనబడుట యెట్టిదో పరరాష్ట్రములలో బ్రతుకుచున్న మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఈ ఏటి ఉగాదికి మన ఆడబిడ్డలందరు తమ తమ జుట్టుతోనే కళకళలాడుదురుగాక!