బోర్డు మీద ఖాళీ జాగా

మొన్నామధ్య మా హార్డ్‌వేర్ వాళ్ళతో చిన్న గొడవైంది. నేను రాసేది ఫర్మ్‌వేర్, నాకెందుకీ పంచాయితీ అంటారా? బోర్డు సైజు తగ్గించాలని 230 వోల్టుల వైపుకీ సెన్సార్ వైపుకీ మధ్యనున్న ఖాళీని కుదించేశారు. "ల్యాబ్‌లో బాగానే ఉందిగా" అని వాళ్ళ వాదన. ఆ డబ్బా వెళ్ళేది మాత్రం బొగ్గు గనిలోకి, మీథేన్ సెన్సార్‌కి కరెంటివ్వడానికి.

నేను పెరిగింది సెంటినరీ కాలనీలో. బాపు బాయిలో ఎలక్ట్రీషియన్. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికల్లా వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము! వానాకాలంలో ఆ దుమ్ము తడిస్తే ఏమవుతుందో ఏసీ ల్యాబ్‌లో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?

రెండు తీగల మధ్య గాల్లోంచి ఉన్న దగ్గరి దారి క్లియరెన్స్. బోర్డు ఒంటిమీదుగా పాకే దారి క్రీపేజ్. ఈ రెండోదే దొంగది. తడిసిన దుమ్ములోంచి సన్నగా కరెంటు పారుతుంది, ఆ వేడికి తడి ఆరిన చోటల్లా చిన్న చిన్న నిప్పురవ్వలు పుడతాయి, అవి బోర్డుని కాల్చి నల్లటి గీత గీస్తాయి. ఆ గీత బొగ్గే. ఇక అదే తీగ. అందుకే ఐఈసీ 60664 పట్టికలో, 250 వోల్టులకి మామూలు బోర్డు మీద, ఆఫీసులాంటి చోటైతే 2.5 మి.మీ. క్రీపేజ్ చాలు, తేమా దుమ్మూ ఉన్న చోట 4 మి.మీ. కావాలి.

గనిలో వాడే సెన్సార్ లైన్లకి అదీ చాలదు. ఎందుకో తెలియాలంటే 1913కి వెళ్ళాలి.

అప్పట్లో బ్రిటన్ గనుల్లో బెల్లు కొట్టడానికి దారి పొడవునా రెండు ఒట్టి తీగలు లాగేవారు. తొడుగేమీ ఉండదు. ఎక్కడైనా సరే ఏ ఇనుప ముక్కతోనో ఆ రెంటినీ కలిపితే అవతల బెల్లు మోగుతుంది. బ్యాటరీ కరెంటే కదా, ఏమవుతుందిలే అనుకున్నారు. 1913 అక్టోబర్ 14న వేల్స్‌లోని సెంగెనిడ్ గని పేలిపోయింది. 439 మంది కార్మికులు, వాళ్ళని కాపాడబోయిన ఇంకొకరు చనిపోయారు. కారణం కచ్చితంగా తేలలేదు గానీ, బెల్లు లైను రవ్వ మీద గట్టి అనుమానం వచ్చింది. తర్వాత వీలర్, థార్న్‌టన్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. వోల్టేజీ తక్కువైనా, తీగ విడిపోయే క్షణంలో బెల్లు కాయిల్‌లో దాగిన శక్తంతా ఒక్క రవ్వగా బయటికొస్తుంది. గ్యాసు అంటుకోడానికి అది చాలు.

దాంతో లైనులోకి వెళ్ళే శక్తినే కట్టడి చేయడం మొదలైంది. దాన్నే ఇంట్రిన్సిక్ సేఫ్టీ అంటున్నాం. కానీ కట్టడి చేసే సర్క్యూటూ 230 వోల్టులూ ఉండేది ఒకే బోర్డు మీద! మధ్యలో కాపలా ఆ ఖాళీ ఒక్కటే. అక్కడ నల్ల గీత పడితే మెయిన్స్ కరెంటు నేరుగా గ్యాసున్న చోటికి పోతుంది. ఐఈసీ 60079-11 ఇక్కడ పీక్ వోల్టేజీని లెక్కలోకి తీసుకుంటుంది (230కి దాదాపు 325), పూత లేని బోర్డు మీద 10 మి.మీ. క్రీపేజ్ అడుగుతుంది. అందులో మూడో వంతు కూడా లేకపోతే ఆ రెండు తీగలూ కలిసిపోయినట్టే లెక్క. వాదనల్లేవు.

మావాళ్ళు మిగిల్చింది 3 మి.మీ.

పట్టిక ముందు పెట్టాక గొడవ సద్దుమణిగింది. బోర్డు మళ్ళీ పాత సైజుకొచ్చింది, నెల రోజులు లేటు. ఆదివారం ఫోన్లో బాపుకి ఇదంతా చెప్తే, "బెల్లు లైను ముట్టుకుంటే షాకు కూడా కొట్టదు కదరా!" అన్నాడు.